ఖిల్లా మీద గొంగడి

పాట మొత్తం ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. అందులో కురుమయ్య కనిపించేది పందొమ్మిది సెకన్లు. ఆ పందొమ్మిది సెకన్ల మీద ఆ సెప్టెంబరులో రాష్ట్రంలో నోరున్న ప్రతివాడూ ఏదో ఒకటి అన్నాడు. అననిది ఒక్క గుర్వమ్మే. కురుమయ్యతో ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెను ఎవరైనా అడిగితే కదా అనడానికి!

పాట పేరు ‘పదిహేడు’. హైదరాబాదులో నలుగురు కుర్రాళ్ళు చేరి ‘పల్లేరు’ అని పేరు పెట్టుకొని గిటార్లు, డ్రమ్ములు వాయిస్తూ అరుస్తుంటారు. దాన్ని రాక్ అంటారట. సెప్టెంబర్ పదిహేడు గురించి వాళ్ళు కట్టిన పాట అది. ఆ తేదీ సంగతి మనకు కొత్తేమీ కాదు. ఏడాదంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, ఆ రోజు రాగానే విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యత అని ఇంకొందరు చొక్కాలు పట్టుకుంటారు. డెబ్భై నాలుగేళ్ళ కిందటి రోజుకు పేరు పెట్టడం ఇంకా పూర్తి కాలేదు. ఈ కుర్రాళ్ళు పేరు జోలికి పోకుండా వీడియో తీశారు. కాలిన గడీలు, గుర్రాల మీద రజాకార్లు, మిలిటరీ లారీలు, తుపాకీ పట్టిన ఆడవాళ్ళ పాత ఫొటోలు గబగబా పోతుంటాయి. చివర్లో దేవరకొండ ఖిల్లా కనిపిస్తుంది. బురుజు మీద జెండా లేని ఒక జెండాకర్ర. ఎక్కడి నుంచో ఒక ముసలాయన వచ్చి తన నల్ల గొంగడిని ఆ కర్ర తాడుకు కట్టి పైకి లాగుతాడు. లాగి, ఇటు తిరిగి, ఏదో అంటాడు. పెదాలు కదులుతాయి. సరిగ్గా అక్కడే గిటారు గొంతు చించుకుంటుంది కాబట్టి ఆయన మాట ఎవరికీ వినపడదు.

అంతే, రేగింది గొడవ. మువ్వన్నెల జెండా ఎగరాల్సిన కర్రకు నల్ల జెండా కట్టారు, ఇది దేశానికి అవమానం అని ఒక పక్షం కేసు పెట్టింది. కాదు, చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని గొర్రెల కాపరుల జెండా అది, దండం పెట్టండి అని ఇంకో పక్షం. ఒక టీవీలో కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఆ నలుపు తగలబడిన ఊళ్ళ బూడిదకు గుర్తు అన్నాడు. ఇంకో టీవీలో కురుమయ్య పెదాలను నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించి, ముసలాయన సాయుధ పోరాటం నాటి నినాదం ఇస్తున్నాడని తేల్చారు. పక్క చానెల్‌లో అదే మూతిని చూపించి, అది బూతు మాట అని తేల్చారు.

గుర్వమ్మ ఇదంతా కోడలు శోభ ఫోనులో చూసింది. దేవరకొండ ఖిల్లా నుంచి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న ఊరు వాళ్ళది. కురుమయ్య పోయి అప్పటికి నలభై రోజులు. ఆయన ఫొటో అంటూ ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీదిదే. దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలిస్తే మనిషి మసిబారి, ఎవరినో చూసి భయపడినట్టు కనిపిస్తాడు. అలాంటిది ఫోనులో నడుస్తున్నాడు, వంగుతున్నాడు, ఎడమ మోకాలు పట్టుకొని లేస్తున్నాడు. మొదటిసారి చూసినప్పుడు గుర్వమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకొని కూలబడిపోయింది. తర్వాత రోజుకు పదిసార్లు చూసింది. శోభ పొలానికి పోయేటప్పుడు ఫోను ఇంట్లోనే పెట్టి పోవడం మొదలుపెట్టింది. పొలం దగ్గర కంటే అత్త దగ్గరే దానికి పని ఎక్కువని ఆ పిల్లకు అర్థమయింది.

గొంగడి సంగతి గుర్వమ్మకు చూడగానే తెలిసిపోయింది. టీవీలో వాళ్ళు ఎగిరింది, రెపరెపలాడింది అంటారు గాని, అది ఎగరనే లేదు. బరువుగా కిందికి సాగి వేలాడుతోంది. కింది అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఎగిరేసుడు లేదు, ఏం లేదు. ఆరేసిండు" అంది శోభతో. "వానకు తడిస్తే ఆరేసిండు. ఎవ్వలకు చెప్పాలె గీ మాట?" శోభ ఆ ముక్క తన తమ్ముడికి చెబితే, వాడు ఎవరికో పంపితే, ఆ ఎవరో నవ్వే బొమ్మ పెట్టి ఊరుకున్నారట.

ఆ గొంగడికి ఉన్ని వడికింది గుర్వమ్మే. రాష్ట్రం వచ్చిన ఏడాది అది. ఊళ్ళో అందరూ ఉన్ని గొర్రెలను అమ్మేసి, తొందరగా బరువు పెరిగే వెంట్రుకల గొర్రెలను తెచ్చుకున్నారు. కురుమయ్య మందలో మిగిలిన పదకొండు నల్ల గొర్రెలకు చివరిసారి బొచ్చు కత్తిరిస్తే, ఆమె మూడు నెలలు కూర్చొని వడికింది. మగ్గం మీద నేయించి, చింతగింజల గంజి పట్టించి, తెల్ల అంచు వేయించింది. ఆ తర్వాత రాట్నం అటక ఎక్కింది. మళ్ళీ నేయించుకుందామన్నా ఉన్ని లేదు. ఇప్పుడు గొంగడీ లేదు. కురుమయ్యను అందులోనే చుట్టి మన్ను చేశారు.

అసలు బాధ గొంగడి కాదు. పెదాలు.

శ్రావణంలో వాన పడిన ఆ రోజు కురుమయ్య గొర్రెలను ఖిల్లా వైపు తోలుకుపోయాడు. మరునాడు మధ్యాహ్నం చెలకలో గుండె పట్టుకొని పడిపోయాడు. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది. అంటే వీడియోలో ఉన్నది ఆయన బతికిన చివరి నిండు రోజు. అప్పటికి ఆలుమగల మధ్య మాటలు లేక ఇరవై రోజులు. గొర్రెలను అమ్మేద్దామని గుర్వమ్మ అంది. మోకాళ్ళు పోయాయి, కొడుకు వీరేశం ట్రాలీ ఆటో నడుపుకుంటూ మంద వైపు కన్నెత్తి చూడడు, ఇంక ఎవరి కోసం అని. "నా తాత కాసిండు, నాయిన కాసిండు, నేను కాస్త" అని కురుమయ్య. మాటా మాటా పెరిగింది. "గొర్లనే కట్టుకోకపోయినవ్, నన్నెందుకు చేసుకున్నవ్" అని గుర్వమ్మ అనేసింది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరి నోళ్ళకూ శోభే దిక్కయింది. "పిల్లా, మీ మామను తినుమను." "పిల్లా, నాకు ఆకలైత లేదని చెప్పు." ఇద్దరూ అరుగుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చొని వినపడేట్టే మాట్లాడుకుంటారు గాని మధ్యలో శోభ ఉండాలి. ఆ ఇంట్లో అలకలన్నీ అలాగే నడిచాయి. పాత రోజుల్లో మధ్యలో గుర్వమ్మ అత్త ఉండేది, ఇప్పుడు కోడలు.

కురుమయ్య పోయిన రోజు నుంచీ గుర్వమ్మ వచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పి ఏడ్చింది. "ఇరువై దినాలు నాతోని ఒక్క మాట మాట్లాడలే. మాట్లాడకుండనే పోయిండు." చుట్టాలు ఓదార్చి వెళ్ళిపోయారు. మందను అమ్మమని కొడుకు అంటే ఈసారి ఆమే వద్దంది. ఆయనకు ఇష్టం లేదు కదా అని, కర్ర పట్టుకొని తనే గొర్రెల వెంట పోవడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అలాంటి సమయంలో ఫోనులో ఆయన ఇటు తిరిగి పెదాలు కదిపాడు. లోకమంతా విప్లవమో, ద్రోహమో వెతుక్కుంటే ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ చివరి రోజు ఆ నోట్లోంచి వచ్చిన మాట ఏమిటి? అది తనది కాకపోయినా సరే, గొర్రెలను అదిలించినా సరే, ఎవడినో తిట్టినా సరే, వింటే చాలు.

పరశురాములు కాగితం పట్టుకొని వచ్చింది అప్పుడే. కుల సంఘానికి మండల అధ్యక్షుడు, కురుమయ్యకు వరసకు తమ్ముడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. చేతిలో వేలిముద్రల ఇంకు డబ్బా కూడా ఉంది. మనిషి ముందుచూపు అలాంటిది.

"వదినా, సోమారం నల్లగొండ పోతున్నం, ఎస్పీ సాబ్ దగ్గరికి. గా పోరగాండ్లు మన గొంగడిని కర్రకు గుంజి, కింద బూట్లేసుకొని ఎగిరిండ్రు. దేవుని ముందట పరిచేటి గొంగడి అది. గీ కాయితం మీద ఏలు పెట్టు. భార్య ఏలు పడితే వీడియో ఒక్క దినంల పీకేస్తరు" అన్నాడు.

"పీకేస్తే ఫోన్ల కానరాదా?"

"ఏడ కానరాదు. మొత్తం పోతది."

గుర్వమ్మ చేతులు రెండూ కొంగులో పెట్టుకుంది. "పరశురాములు, ఆయన ఏమంటున్నడో చెప్పు. అండ్ల సూడు, నోరు తెరిచి అంటున్నడు. గది చెప్పు, ఏలు పెడ్త."

పరశురాములు ఫోను దగ్గరగా పెట్టుకొని రెండుసార్లు చూశాడు. "జై తెలంగాణ అంటున్నట్టున్నడు" అన్నాడు.

"మీ అన్న జల్మల జై అననోడు. ఎలచ్చన్లల్ల పైసలిస్తమన్నా లారీ ఎక్కలే."

"మరేమంటడు వదినా? ఏదన్న ఒకటి అంటడు. ఇప్పుడు గదేనా ముచ్చట?"

అదే ముచ్చట అని గుర్వమ్మకు ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ కురుమయ్య నోటి మాటకు ఊళ్ళో విలువ ఇచ్చినవాడు లేడు. పంచాయతీలో గొర్రెల దారి గురించి ఒక్క మాట చెప్పబోతే "నువ్వు కూసో కురుమయ్యా" అన్నది ఈ పరశురాములే. ఇప్పుడు అదే నోట్లో తలా ఒక మాట పెడుతున్నారు. "వినేదాక ఏలు పెట్ట. సోమారం లోపల విన్ననంటే అప్పుడు చూస్త" అంది. పరశురాములు కాగితం, ఇంకు డబ్బా రెండూ శోభ చేతిలో పెట్టి, "నువ్వు జర సమజు చేయి పిల్లా" అని పోయాడు.

శోభ సమజు చేయలేదు. ఆ పిల్ల పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర. ఆ పాట పాడే శివకృష్ణది కల్వకుర్తే. గొడవ ముదిరాక హైదరాబాదు గది ఖాళీ చేసి తల్లి దగ్గరికి వచ్చి దాక్కున్నాడని తమ్ముడు కూపీ లాగాడు. "గా పాటల కలపకముందు తీసింది వేరే ఉంటదంట అత్తా. అండ్ల మామ గొంతు ఉంటదంట. ఉంటదో లేదో మరి, పోయి అడుగుదాం" అంది. ఆదివారం పొద్దున గొర్రెలను దొడ్లో మూసి, మేత వేసి, ఇద్దరూ దేవరకొండలో బస్సెక్కారు. డిండి దాటిందాకా గుర్వమ్మ కొంగు ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది. దాటాక, "పాడు నోరు నాది. ఆనాడు గా మాట అననే వద్దుండె" అంది. శోభ ఆమె చెయ్యి పట్టుకుంది.

టీవీలో జుట్టు విరబోసుకొని ఊగిపోయే శివకృష్ణ ఇంట్లో బనీను మీద, పాత లుంగీలో, జుట్టు వెనక్కి కట్టుకొని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాడు. పాతికేళ్ళ పైన ఉంటాయి. గుమ్మంలో ముసలమ్మను చూసి, ఎవరో తెలియగానే లేచి నిలబడ్డాడు. రాత్రింబగళ్ళు బెదిరింపు ఫోన్లు వస్తున్నవాడు. ఇదింకో రకం అనుకున్నాడు.

"అవ్వా, తప్పయింది. మీకు చెప్పకుండ వీడియో పెట్టిన. తాత పోయిన సంగతి నాకు తెల్వది, దేవుని తోడు."

"నిన్ను కొట్టనీకి రాలే బిడ్డా. కూసో." గుర్వమ్మ తనే చాప మీద కూర్చుంది. "నాకు ఆయన మాట గావాలె. గా డప్పులు, గిటార్లు తీసేసి జర ఇనిపించు."

శివకృష్ణ ఆమెను చూశాడు, శోభను చూశాడు. ఆ తర్వాత నేల చూస్తూ నిజం చెప్పాడు. ఖాళీ జెండాకర్ర చూపించాలన్నదే వాళ్ళ ఆలోచన. ఏ పేరూ ఒప్పుకోని రోజుకు ఏ జెండా ఎక్కించాలి అని. వాన ఆగాక తాత గొర్రెలతో వచ్చాడు, గొంగడి ఆరేసుకుంటానని అడిగాడు. కెమెరా పట్టుకున్న స్నేహలత ఊరికే తీసింది. తీరా చూస్తే అన్ని బొమ్మల్లోకీ అదే బాగా వచ్చింది. "టీవీవోళ్ళు గొంగడికి అర్థం ఏంది అంటే, మరుగునపడ్డ చరిత్ర జెండా అని నేనే చెప్పిన అవ్వా. ఆరేసిన గొంగడని చెప్తే ఎవరు చూస్తరు? చెప్పంగ చెప్పంగ నాకు గూడ గదే నిజమనిపించింది."

"ఆరేసిండని నాకు ఎరుకే" అంది గుర్వమ్మ. "మాట ఇనిపించు."

ల్యాప్‌టాప్ తెచ్చాడు. తల్లి టీ తెచ్చి పెట్టి, చిక్కుడుకాయల చేట పక్కకు జరిపింది. తెర మీద ఖిల్లా బురుజు, తడి బండలు, తెల్లటి ఆకాశం. గాలి చప్పుడు. గొర్రెల మెడ గంటలు. ఆ గంటలు వినగానే గుర్వమ్మకు ఏ గొర్రె ఎటు పోతోందో తెలిసిపోయింది. అప్పుడు కురుమయ్య దగ్గాడు. ఉత్త దగ్గు. దానికే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తాతా, కర్రకెందుకు కడుతున్నవ్?" ఇది స్నేహలత గొంతు. మనిషి కనిపించదు.

"తడిసి ముద్దయింది బిడ్డా. బండలు నీళ్ళు పట్టినయి. పొదల మీదేస్తే ముండ్లకు పోగులు లేస్తయి. మీ కర్ర ఉత్తగనే ఉన్నది గద, గొంగడి ఆరెదాక కిరాయి లేకుంట ఇయ్యుండ్రి."

ఎవరో నవ్వారు. "గంత జాగ్రత్తనా! కొత్తదా?"

"ఏం కొత్త, ఎనిమిదేండ్లది. మా ఇంట్లామె వడికింది. గింత సన్నం నూలు దేవరకొండ చుట్టుముట్టు ఇంకొకలు వడకలేరు. నేసినాయనే అన్నడు."

గుర్వమ్మ చాప అంచు పట్టుకుంది. ఎనిమిదేళ్ళలో ఈ మాట ఆమెకు చేరలేదు.

"అవ్వకు చెప్పినవా గీ మాట?" అంది స్నేహలత.

"చెప్తే నెత్తికెక్కి కూసుంటది." తనే నవ్వాడు. నవ్వి, మోకాలు పట్టుకొని బండ మీద కూర్చున్నాడు. "ఇప్పుడైతే మాటలే లేవు. ఇరువై దినాలాయె. గొర్లమ్ముదామంటది. నేనొద్దంటి. ఆమె అన్నదే నిజం బిడ్డా. ఇయ్యాల గీ గుట్టెక్కనీకి నాలుగు తావుల కూసున్న. అమ్ముదామనే ఉన్నది. గని ఇన్ని దినాలు మూతి ముడుసుకొని, ఇప్పుడు పోయి నువ్వే గెలిచినవని ఎట్లనాలె?"

"గెలుసుడు ఓడుడు తర్వాత తాతా. ముందుగాల ఏదన్న చిన్న మాట కలుపు. ఆమె చేసిన పని ముచ్చటే తియ్యి."

గాలి వీచింది.  కురుమయ్య లేచి తాడు సరిచేసి, గొంగడి వంక చూశాడు. పిల్లలు బడిలో పాఠం ఒప్పజెప్పే ముందు నోట్లో అనుకున్నట్టు ఏదో అనుకున్నాడు. ఆ తర్వాత పైకే అన్నాడు.

"గొంగడి తడిసింది. జర సూడు."

"మంచిగుంది తాతా. ఇంకోసారి. ఇటు చూసి, అవ్వ ఇక్కడున్నదనుకో."

ఆయన ఇటు తిరిగాడు. గుర్వమ్మ రోజుకు పదిసార్లు చూసిన ఆ తిరగడమే. ఆ పెదాలే.

"గొంగడి తడిసింది. జర సూడు."

టీవీల్లో తిప్పి తిప్పి చూపించిన నినాదం అది. శివకృష్ణ ఆపాడు.  ముందు శోభ మొహం మారింది. అత్త మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా. గా దినం పొద్దుమీకి. వాకిట్ల."

గుర్వమ్మకు అప్పటికే గుర్తుకు వచ్చేసింది. ఆ సాయంత్రం కురుమయ్య గొర్రెలను దొడ్లో తోలి, వాకిట్లో నిలబడ్డాడు. ఆమె పొయ్యి ముందు ఉంది, వీపు వాకిలి వైపు. శోభ గోలెం దగ్గర గిన్నెలు కడుగుతోంది. "గొంగడి తడిసింది. జర సూడు" అన్నాడు. పేరు పెట్టి పిలవలేదు. ఎన్నడూ పిలిచింది లేదు. ఇరవై రోజులుగా ఆ ఇంట్లో ఏ మాటైనా శోభకే కదా. శోభ చేతులు తుడుచుకొని వచ్చి, "ఇటియ్యి మామా" అని తీసుకొని దండెం మీద వేసింది. ఆయన ఒక నిమిషం అక్కడే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. తర్వాత కాళ్ళు కడుక్కొని అరుగు మీదికి పోయాడు.

"నాకే అనుకున్న అత్తా" అని శోభ వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనెందుకు ఉరికిన? నేను లేకుంటె నువ్వు లేస్తుంటివి."

"నేను గూడ నీకే అనుకున్న బిడ్డా. నీ తప్పేమున్నది?" గుర్వమ్మ కోడలి తల నిమిరింది. ఆమెకు కన్నీళ్ళు రాలేదు. నలభై రోజులు లోకమంతటికీ చెప్పుకొని ఏడ్చింది, ఆయన మాట్లాడలేదని. ఆయన మాట్లాడాడు. గుట్ట మీద రెండుసార్లు నేర్చుకొని, నాలుగు మైళ్ళు కుంటుకుంటూ మోసుకొచ్చి మరీ మాట్లాడాడు. వెనక్కి తిరిగి చూడని మనిషి తనే.

శివకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, ఒక్క మాట. ఇది బయట పెడితే కేసులన్నీ ఎగిరిపోతయ్. జెండా కాదు, ఏం కాదు, అందరికీ తెలుస్తది. పాట బతుకుతది. పెట్టనా?"

"వద్దు."

"లేకుంటే వీడియో తీసెయ్యవలసొస్తదేమో."

"ఉంచుకుంటవో తీసేస్తవో నువ్వు చూసుకో. నేను కాయితం మీద ఏలు పెట్ట. గని గీ మాట బైటికి పోవద్దు. గొంగడికి ఎవలకు తోచిన అర్థం వాండ్లు చెప్పుకోనీ. ఇది నాకు జెప్పిన మాట." అని, శోభ వైపు తిరిగి, "పొద్దున్నే వీరేశంకు చెప్పాలె, గొర్లకు బేరం చూడుమని. ఆయన ఒప్పుకున్నడు" అంది.

శోభ ఫోనులోకి శివకృష్ణ దాన్ని ఎక్కించి ఇస్తుంటే, గుర్వమ్మ అంతదాకా ఆగలేదు. "ఇంకోపారి పెట్టు బిడ్డా. గా మాట కాడికే" అంది.

పెట్టాడు. ఈసారి ఆమె చాప మీద నుంచి కాస్త లేచి, మొహం తెరకు ఎదురుగా తిప్పి కూర్చుంది. గాలి, గంటలు, దగ్గు. ఆయన తాడు వదిలి ఇటు తిరిగాడు.

"గొంగడి తడిసింది. జర సూడు."

"ఏదీ, ఇటు తే" అంది గుర్వమ్మ, రెండు చేతులూ చాచి. "నేను సూస్త."